పీకని గోమార్లు

పాలు పితికిన చెంబు గూట్లో పెట్టి వచ్చి కరుణమ్మ ఆవు తల పక్కన నిలబడి చెవి మడిచింది. పొద్దుగూకే వేళ ఆమెకు రోజూ ఇదే పని. ఎడమచేత్తో చెవి తోలు బిగబట్టి, నెత్తురు తాగే గోమారిని కుడిచేతి గోళ్ళ సందున పట్టి, గుంజకుండా మెల్లగా మెలితిప్పి ఊడదీస్తుంది. గుంజితే దాని మూతి తోలులోనే విరిగి పుండవుతుంది. ఊడిన దాన్ని పక్కన పెంకులో ఉన్న నిప్పుల మీద వేస్తే టప్పున పేలుతుంది. ఎంకపల్లిలో పశువున్న ప్రతి కొట్టంలోనూ ఆ వేళకు ఆ చప్పుడు వినబడుతుంది. వాకిట్లో చెత్త ఉంటే ఊరు చూసీ చూడనట్టు పోతుంది గాని, పశువు చెవిలో గోమారి కనబడితే మాత్రం ఆ ఇంటి ఆడమనిషి ఎట్లాంటిదో అక్కడికక్కడే తేల్చేస్తుంది.

"వదినా, జర ఆగు" అన్నాడు స్వామిదాసు.

అతను కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. కరుణమ్మ అతని చచ్చిపోయిన అన్న యోసేపు భార్య. రెండిళ్ళకూ నడుమ ఒక్కటే గోడ. తన భార్య మేరీ పురిటికి ఆలూరులో తల్లిగారింటికి పోయినప్పటి నుంచి దాసుకు పొద్దున మజ్జిగ, మాపటికి జొన్నరొట్టె ఈ ఇంట్లోనే.

"ఏంది?"

"గోమార్లు పీకకు. ఆదివారం దాకా ఉండనీ."

కరుణమ్మ నవ్వింది. "ఎందుకు, నీకేమన్న పెడ్తున్నయా అవి?"

"అవే పెట్టాలె నాకు" అన్నాడు దాసు.

అన్నాక అతనికీ నవ్వొచ్చింది. కాని అది నిజమే. ఊరూరూ తిరిగి పశువుల ఒంటిమీది పురుగులు ఏరుకుపోయే పెద్ద ల్యాబు వాళ్ళు నెల కింద వచ్చి మొయినాబాదు బడిలో దిగారు. తెలంగాణ కావాలని పిల్లలు చదువులు మాని రోడ్ల మీదికి వచ్చిన ఏడాది అది. బళ్ళు మూతబడి ఉన్నాయి. బల్లలు ఒక మూలకు నెట్టి, నల్లబోర్డు కింద గాజు గొట్టాలు పరిచారు. కూలికి ఇద్దరిని పెట్టుకున్నారు. ఒకడు దాసు, ఇంకొకడు పక్క ఊరు కనకమామిడి నుంచి వచ్చే బాల్‌రాజ్. పోయేటప్పుడు ఒకరిని పర్మనెంటు చేసి తీసుకుంటామన్నారు. ముల్కీ మనిషినే, ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణే తీసుకోవాలని ఊళ్ళన్నీ అరుస్తున్న రోజులు కాబట్టి ఆ మాట ఉత్తది కాదని దాసు నమ్మాడు.

"అవి కడుపునిండ తాగి ఉబ్బాలె వదినా. గట్ల ఉబ్బిన ఆడ గోమార్లే దొరుకుతలేవని ల్యాబు సారు పరేషాన్ అయితున్నడు. అవి గాజు గొట్టంల గుడ్లు పెడ్తయట. జబ్బు తల్లికే ఉన్నదా, గుడ్లకు గూడ పోతదా అని చూస్తరట."

"ఏం జబ్బు?"

"వైరస్ అంటరు. కంటికి కనబడది. మైసూరు దిక్కు అడవిల కోతులు సచ్చినయట. కట్టెలకు పోయిన మనుషులకు జరమొచ్చి ముక్కులకెల్లి నెత్తురు కారిందట. అది గోమారి కడుపుల ఉంటదట. మన దిక్కు ఉన్నదో లేదో ఎవలకు ఎరుక లేదు."

"ఉంటే ఏం జేస్తరు?"

"ఉన్నదని చెప్తరు."

"చెప్పి?"

దాసు ఆవు గంగడోలు నిమిరాడు. ఊరి ఆవుల తోలు మందం. వాటి మీద గోమారి నిలిచినా అంతగా ఉబ్బదు. ఈ ఆవు మిషన్ కాంపౌండులో సీమ ఆంబోతుకు పుట్టింది. దొరసాని దేశం పోతూ చౌకగా ఇచ్చిపోతే యోసేపు తెచ్చాడు. పలచటి తోలు, సన్నటి వెంట్రుక. దీని చెవిలో గోమారి నాలుగు రోజుల్లో ఆముదం గింజంత అవుతుందని దాసు చూసి పెట్టుకున్నాడు. పీకకుండా ఉంచమని సారు చెప్పలేదు. ల్యాబులో ఆయన కింద పనిచేసే ముకుందం చెప్పలేదు. ఆ ఆలోచన అతని సొంతం.

"చూసినోళ్ళు ఏమంటరు దాసు?" అంది కరుణమ్మ మెల్లగా.

"నౌకరి ఒక్కటే ఉన్నది వదినా. బాల్‌రాజ్‌కో నాకో. ఇంట్ల పిల్ల పుడ్తది."

కరుణమ్మ ఆవు చెవి వదిలేసింది. పెంకు ఎత్తి నిప్పులను పొయ్యిలో గుమ్మరించింది.

*

కనకమామిడి బీళ్ళలో పని పొద్దెక్కక ముందే మొదలయ్యేది. దళసరి తెల్లగుడ్డకు ముందు అంచున కర్ర కట్టి, కర్రకు తాడు కట్టి, గడ్డి మీద మెల్లగా ఈడ్చుకుపోవాలి. గడ్డి కొసల మీద కాళ్ళు చాపి కాచుకుని ఉండే పిల్లగోమార్లు పశువే వచ్చిందనుకుని గుడ్డను పట్టుకుంటాయి. కొంతదూరం పోయాక గుడ్డ తిరగేసి, చిమ్టాతో ఒక్కొక్కటే ఏరి గొట్టంలో వేసి, మూతికి పలచటి బట్ట కట్టాలి. తొందరపడి ఈడిస్తే గడ్డి కొస వంగి గోమారి జారిపోతుంది. బాల్‌రాజ్ నిద్రలో నడిచినట్టు నడిచేవాడు. అతని గుడ్డ నిండా మిరియపు పొడి చల్లినట్టు ఉండేది.

"దాసన్నా, నీ గుడ్డను ముడుతలేవు. నువ్వు చర్చికి పోయే మనిషివని భయపడ్డయి" అన్నాడు బాల్‌రాజ్.

"నీ గుడ్డ ఉతికితే నీగ్గూడ పడవురా. ఆ వాసనకు వస్తున్నయవి" అన్నాడు ముకుందం.

ముకుందం చేవెళ్ళలో కిరాణా దుకాణం ఉన్న ఇంటివాడు. డిగ్రీ చదివి ల్యాబులో చేరాడు. గొట్టాల లెక్క అతనిది. ఈ గోమార్లను ల్యాబుకు తిరిగి పోయాక నూరి, ఆ రసాన్ని కళ్ళు తెరవని ఎలుక పిల్లలకు సూది వేస్తారనీ, పిల్లలు చస్తే వైరస్ ఉన్నట్టనీ అతనే దాసుకు చెప్పాడు. "ఇప్పటికి గింతే దాసూ. బయట దేశాల్ల ఆ వైరస్ లోపలి కట్టు విప్పి చూస్తున్నరట. ఏది ఏడ పుట్టింది, దేనికి ఏది చుట్టం, అంత అండ్లనే రాసి ఉంటదట. మన కాలంల మనం చూస్తమో లేదో."

ఆఫీసరు కిషన్‌రావు పశువైద్యం చదివినవాడు. కోప్పడడు గాని మాట ఖచ్చితం. బీళ్ళలో తిరిగేటప్పుడు వెంట ఒక రేకు పెట్టె ఉండేది. అందులో పశువులకు కొన్ని మందులు. గోమార్లు ఏరనిచ్చిన వాళ్ళ పశువుకు ఏ రోగం ఉన్నా చూసి సూది వేసేవాడు. పెట్టె మోసేది, తుడిచేది దాసే. గోమార్లు అంటించే జబ్బుతో ఎర్ర ఉచ్చ పోసే పశువుకు వేసే పసుపు రంగు పొడి ఎక్కడ ఉంటుందో, దాన్ని ఎన్ని నీళ్ళలో కలుపుతారో కూడా చూసి చూసి అతనికి తెలుసు.

"దేఖో, దినాలు మంచిగ లేవు" అనేవాడు కిషన్‌రావు. "మనవల్ల ఒక్క పశువుకు కష్టమైందని ఒక్కలొచ్చి నిలబడ్డా బడి ముందట ఊరంతా జమైతది. క్యాంపు ఎత్తేసుడే. ఆ పని చేసినోన్ని నేను రక్షించలేను."

శుక్రవారం పొద్దున దాసు ఉబ్బిన గోమార్లున్న గొట్టాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కిషన్‌రావు ఒక గొట్టం ఎత్తి వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. లోపల బూడిదరంగు గింజలు మెల్లగా కాళ్ళు ఆడిస్తున్నాయి.

"ఎన్ని ఊళ్ళు తిరిగినం, ఇట్లాంటివి దొరకలే. ఎవరి ఆవు దాసూ?"

"మాదే సార్."

ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు అబద్ధమని అతనికి తోచలేదు. అన్న ఆవు, వదిన ఆవు; తినేది ఒక పొయ్యి మీదిదే. కాని బాల్‌రాజ్ తలెత్తి అతని మొహంలోకి చూశాడు. దాసు గొట్టాల మూతులు సరిచేయడంలో పడ్డాడు. అవి సరిగానే ఉన్నాయి.

*

కరుణమ్మ ఆవును వీధిలోంచి తోలుకుపోవడం మానేసింది. ఇళ్ళ వెనక తుమ్మల గుండా, ముళ్ళు తప్పించుకుంటూ, వాగు గట్టు మీదికి తీసుకుపోతోంది. చెవుల మీదికి పాత రవిక గుడ్డ కట్టింది, ఈగలు ముసురుతున్నాయని. అయినా కృష్ణమ్మ కంట పడింది. కృష్ణమ్మది ఎదురిల్లు, చూసింది కడుపులో దాచుకునే మనిషి కాదు.

"ఏం కరుణమ్మా, ఆవుకు ముత్యాలు కుట్టించినవా? గంగడోలు నిండ మెరుస్తున్నయి."

కరుణమ్మ పలుపు చుట్టుకుంటూ నిలబడింది.

"యోసేపు పోయినంక చేతులు పడిపోయినయా ఏంది? చెప్తే నేనన్న వచ్చి పీకిపోదును గద."

"పీకుత, పీకుత" అంది కరుణమ్మ. మరిది పేరు తేలేదు. ఇంటికి వచ్చి ఆ మాటలు దాసుతో నవ్వుతూనే చెప్పింది గాని, చెప్పేటప్పుడు రొట్టె తడుతున్న చెయ్యి ఒకే చోట పడుతూ ఉంది. రొట్టె ఒక పక్క పలచబడి చిరిగింది.

శుక్రవారం మాపటికి ఆవు మేత ముట్టలేదు. తవుడు నీళ్ళు పెడితే మూతి తడుపుకుని తల తిప్పుకుంది. పాలు చెంబు అడుగున మిగిలాయి. దాసు కాళ్ళు కడుక్కుంటూ కొట్టం కాలువ వైపు చూశాడు. రాళ్ళ మధ్య నిలిచిన ఉచ్చ చాయ డికాషన్ రంగులో ఉంది. చెంబెడు నీళ్ళు పోసి దాన్ని కిందికి తోశాడు.

"వేడి చేసినట్టున్నది వదినా."

"గోమార్లు పీకేద్దునా?"

"పీకు" అన్నాడు దాసు. ఒక్క క్షణం ఆగి, "నిప్పుల వెయ్యకు. గొట్టంల వెయ్యి" అన్నాడు.

అన్న తర్వాత ఆమె వైపు చూడలేక లోపలికి పోయాడు. ఆమె ఒక్కతే ఆవు మెడ కింద కూర్చుని, నిండిన గోమార్లను నలగకుండా వేళ్ళ కొసలతో తీసి, గొట్టంలో వేసి మూతి కట్టింది. అతను ఎప్పుడూ నేర్పలేదు. అతను కట్టేటప్పుడు చూసి నేర్చుకున్నట్టుంది.

శనివారం తెల్లారేసరికి ఉచ్చ ఎర్రబడింది. ఆవు లేచి నిలబడ్డా వెనక కాళ్ళు ఊగుతున్నాయి. కళ్ళ కింద తోలు తిప్పి చూస్తే తెల్ల కాగితంలా పాలిపోయి ఉంది.

"నేను చేవెళ్ళ పోయొస్త. పశువుల దవాఖానల మందు తెస్త" అన్నాడు దాసు.

సైకిలు కిరాయికి తీసుకుని బయలుదేరాడు. బస్సులు తిరగడం లేదు. అక్కడక్కడ రోడ్డుకు అడ్డం రాళ్ళు, కాలిన టైర్ల నల్లటి మచ్చలు. ముసురు పడుతోంది. సైకిలు దిగి, దాన్ని ఎత్తుకుని దాటుతూ పోయాడు. ఎక్కుడు దారిలో గాలి ఎదురైనప్పుడు కాళ్ళు లాగేస్తుంటే ఒకరకంగా నయంగా ఉంది, కష్టపడుతున్నట్టు ఉంది. చేవెళ్ళ దవాఖాన తలుపుకు తాళం వేసి ఉంటుందని అతనికి మొయినాబాదులోనే తెలుసు. సర్కారు నౌకర్లంతా సమ్మె కట్టి చాలా రోజులైంది. బడిలో రోజూ ఆ ముచ్చటే. అయినా పోయాడు. తాళాన్ని చేత్తో పట్టి చూశాడు. వరండాలో మేక ఒకటి వాన తప్పించుకుని పడుకుని ఉంటే దాని పక్కనే కాసేపు కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మొయినాబాదు బడి ముందు నుంచే దారి. జీపు నిలిచి ఉంది. కిటికీలోంచి రేకు పెట్టె అంచు కనబడింది. లోపల కిషన్‌రావు ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

దాసు సైకిలు దిగాడు. తడిసిన అంగీ పిండుకున్నాడు. పోయి ఏమని అడగాలి? ఆవు ఎర్ర ఉచ్చ పోస్తున్నది సార్. ఎట్ల వచ్చింది? గోమార్లు పీకొద్దని నేనే చెప్పిన. ఆవు నీదేనా? కాదు సార్, మా వదినది, ఆమె ఒక్కతే. మాదే అని చెప్పి అడిగితే? సారు ఇంటికి వస్తాడు. వదిన మొహం చూస్తాడు. కృష్ణమ్మ ఎదురింట్లోనే ఉంటుంది.

లోపల నుంచి ముకుందం కేకేశాడు. "దాసూ, వానల నిలబడ్డవేంది? సారు ఉన్నడు, లోపలికి రా."

"ఏం లేదు సార్. పని మీద పోయిన."

సైకిలెక్కి వచ్చేశాడు.

కరుణమ్మ వాకిట్లోకి వచ్చి సైకిలు వెనక చూసింది. తెచ్చిందేమీ లేదు. తుడుచుకోవడానికి బట్ట ఇచ్చింది, పళ్ళెంలో రొట్టె పెట్టింది.

"తాళమేసి ఉన్నది వదినా."

"ఉంటది" అంది కరుణమ్మ. పళ్ళెం ముందు కూర్చుని అతని మొహంలోకి చూసింది. "ఇంకేడనన్న దొరుకుతదా దాసు, ఆ మందు?"

దాసు రొట్టె తుంచాడు. "ఏడ దొరుకుతది వదినా" అన్నాడు.

ఆమె లేచి, ఆవు మీద గోనెసంచి కప్పడానికి పోయింది.

*

ఆదివారం లేవగానే దాసు అంగీ తొడుక్కున్నాడు. ఏదైతే అదే కానీ, పోయి అడిగేద్దామనుకున్నాడు. గోడ అవతల నుంచి ఆవు తల ఊపితే గుంజకు పలుపు కొట్టుకునే చప్పుడు రావాలి. రాలేదు. గోడ మీదుగా చూశాడు. ఆవు కాళ్ళు చాపి పక్కకు పడుకుని ఉంది. కరుణమ్మ దాని మెడ దగ్గర కూర్చుని ఉంది, ఏడవడం లేదు.

అప్పుడు పోయాడు మొయినాబాదుకు. అప్పుడు మాత్రం మాట నోటికి సులువుగా వచ్చింది. "సార్, ఆవు సచ్చిపోయింది. గోమార్లిచ్చిన ఆవు. ఎర్ర ఉచ్చ పోసింది."

కిషన్‌రావు లేచి నిలబడ్డాడు. దాసు గోడకు చేరి నిలబడి, తిట్లకు తల దించాడు. తిట్లు రాలేదు.

"ఎంతసేపైంది? ముకుందం, ఐసు డబ్బా పెట్టు. కత్తులు పెట్టు. పద, పద. చల్లబడితే గోమార్లు దిగిపోతయి."

జీపు ఎంకపల్లిలోకి వచ్చేసరికి చర్చి గంట కొట్టారు. ఉతికిన బట్టలు కట్టుకుని, బైబిళ్ళు పట్టుకుని పోతున్నవాళ్ళు కొట్టం ముందు ఆగారు. ఆవు తోలు మీద మిగిలిన గోమార్లు ఒకటొకటిగా వదులుతున్నాయి. అందరూ అవే చూస్తున్నారు. కృష్ణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దాసు మోకాళ్ళ మీద కూర్చుని చిమ్టాతో ఏరుతుంటే, కరుణమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని ఆవు చెవి ఎత్తి పట్టుకుంది.

"ఈడ ఒకటున్నది" అంది. "మడతల చూడు, ఇంకోటి."

కిషన్‌రావు నెత్తురు తీశాడు, కడుపు కోసి లోపలి నుంచి ముక్కలు తీసి ఐసు డబ్బాలో పెట్టాడు. చేతులు కడుక్కుంటూ దాసు భుజం తట్టాడు. తడిచెయ్యి అచ్చు అంగీ మీద పడింది.

"నీ సొంత ఆవు పోయినా పరిగెత్తుకొచ్చి చెప్పినవు. ఇంకొకడైతే ఏడ్చుకుంట కూసుండేటోడు. ఇట్లాంటి మనిషే కావాలె నాకు. రేపే రాస్త. నౌకరి నీది, సమఝ్ గయా?"

ఆ మాట చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. నీ సొంత ఆవు అన్న మాట కూడా విన్నారు. దాసు కరుణమ్మ వైపు చూడలేదు. ఆమె గొంతు మాత్రం వినబడింది. "మంచిగైంది సారూ. మీరు సల్లగుండాలె." ముకుందం ఐసు డబ్బా జీపులో పెడుతూ ఆమెను ఒకసారి, దాసును ఒకసారి చూసి, ఎక్కి కూర్చున్నాడు.

*

ఆవును పూడ్చడానికి బొంద తానే తవ్వుతానన్నాడు దాసు. సాయానికి వచ్చినవాళ్ళను పంపేశాడు. ఇంటి వెనక తుమ్మల పక్కన నల్లరేగడి. వానకు నాని గడ్డపార పడ్డచోటల్లా జిగురుగా పట్టుకుంటోంది. తట్ట నింపి పైకి విసరడం, మళ్ళీ వంగడం. మధ్యాహ్నం అయ్యేసరికి బొంద మోకాళ్ళు దాటింది. కరుణమ్మ నీళ్ళ చెంబు తెచ్చి ఒడ్డున నిలబడింది. అతను తాగి చెంబు ఇచ్చాడు. ఆమె పోలేదు.

"దాసు."

"ఊఁ."

"నిన్న నువ్వు చేవెళ్ళ పోయినప్పుడు ముకుందం సారొచ్చిండు, గొట్టాల కోసం. ఆవును చూసిండు. పెట్టెల మందున్నదమ్మా, దాసుకు ఎరుకే, పెద్దసారును అడగమను అన్నడు."

గడ్డపార మట్టిలో దిగి అక్కడే నిలిచింది.

"నేనే పోయి అడుగుదునా అనుకున్న. పోతే ఆవు నాదని తెలుస్తది. నీ నౌకరికి అడ్డమైతదని ఊకున్న." ఆమె చెంబులో మిగిలిన నీళ్ళు పక్కకు ఒలకబోసింది. "అందుకే నువ్వొచ్చినంక అడిగిన, ఇంకేడనన్న దొరుకుతదా అని. నువ్వే చెప్తవనుకున్న. పొద్దుగూకే దాకా చూసిన."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే దాన్ని పట్టుకుని ఏదో ఒకటి అనేవాడు. దూరంగా చర్చిలోంచి జనం బయటికి వస్తున్నట్టు మాటలు వినబడుతున్నాయి. దాసు గడ్డపార ఊడదీసి మళ్ళీ వేశాడు. తట్ట నింపాడు, విసిరాడు, నింపాడు.

బొంద నడుము దాటింది. ఆవుకు అంత లోతు అక్కర్లేదు.

"చాలు, ఇగ పైకి రా. మబ్బు పట్టింది" అంది కరుణమ్మ. వంగి, గట్టు మీద మోకాలు ఆనించి, చెయ్యి చాపింది.

తలెత్తకుండానే ఆ చెయ్యి అతనికి కనబడింది. గోళ్ళ సందున ఆవు నెత్తురు ఎండి ఉంది.

"ఇంక జర తవ్వాలె వదినా" అన్నాడు దాసు, గడ్డపార ఎత్తాడు.